కర్ర తుపాకీలో వెలుతురు

జనవరి ఆరో తేదీన చిక్కుడువలస ఉన్నత పాఠశాలకి వచ్చిన సర్క్యులర్‌లో ఒక్క తప్పు కూడా లేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. తప్పులుంటే పెద్ద మేడం విమలాదేవిగారు ఎర్ర సిరాతో దిద్ది పక్కన పడేసేవారు.

"రైఫిల్ గొట్టములో ఏర్పడిన అడ్డంకిని సురక్షితముగా తొలగించు విధానము" అని దాని పేరు. లోపల పదకొండు సూచనలు. తుపాకీ మూతి మనుషులు లేని వైపు ఉంచాలి. మీట మీద వేలు పెట్టకూడదు. ముందు తూటాలు తీసెయ్యాలి, తరవాత బోల్టు ఊడదియ్యాలి. మూతిలో కన్ను పెట్టి చూడనే కూడదు, వెనక వైపు నుంచి వెలుతురులోకి చూడాలి. నూనె పోసి నానబెట్టి, కడ్డీతో వెనక నుంచి నెమ్మదిగా నెట్టాలి. ఇంకో తూటా పేల్చి అడ్డంకిని బయటికి పంపేద్దామని కలలో కూడా అనుకోకూడదు. ఎక్కడో ఎవరో తుపాకీ తుడుస్తుంటే గుడ్డపీలిక గొట్టంలో ఉండిపోయిందట. ఎవరికీ ఏమీ కాలేదు. అయినా జిల్లా కవాతు కార్యాలయం వారు జాగ్రత్తపడ్డారు. మంచిదే.

చివర ఒక ఫారం ఉంది. జనవరి ఇరవయ్యారున జిల్లా మైదానంలో కవాతు చెయ్యబోయే ప్రతి పాఠశాలా తన రైఫిళ్ళని పరీక్షించి అది నింపి పంపాలి. గొట్టంలోంచి వెలుతురు కనిపించని రైఫిల్‌ని మైదానంలోకి రానివ్వరు.

డ్రిల్లు మేష్టారు సింహాద్రిగారు ఆ కాగితం పట్టుకుని బడి మైదానంలోకి వచ్చేసరికి, తొమ్మిదో తరగతి హైమావతి ఇరవై ముగ్గురు ఆడపిల్లల్ని వరసల్లో నిలబెట్టి కవాతు చేయిస్తోంది.

హైమావతి సంగతి కొంచెం చెప్పాలి. తరగతిలో ఆమె గొంతు విన్నవాళ్ళు లేరు. హాజరు పిలిస్తే పక్కపిల్ల "ఉందండి" అని చెప్పేది. లెక్కల మేష్టారు ప్రశ్న వేస్తే ఆమె జవాబు తన జాకెట్టు బొత్తానికి చెప్పుకునేది. అలాంటిది, ఆర్నెల్ల కిందట బడి కవాతు దళానికి నాయకురాలు జబ్బుపడితే ఆ రోజుకి హైమావతిని నిలబెట్టారు. "సావధాన్!" అని ఆమె నోట్లోంచి ఒక కేక వచ్చింది. గోడ అవతల రేషను వరసలో ఉన్నవాళ్ళంతా మడమలు కలిపి నిటారుగా నిలబడ్డారు. అందరికంటే ఎక్కువ ఉలిక్కిపడింది హైమావతే. ఆ గొంతు అంతకాలం ఎక్కడుందో ఆమెకీ తెలీదు. అప్పటినుంచి దళం ఆమెదే. మండలంలో మొదటి బహుమతి వచ్చింది, జిల్లాకి పిలుపు వచ్చింది. చిక్కుడువలస నుంచి ఆడపిల్లలు జిల్లా కవాతుకి వెళ్ళడం అదే మొదలు. ఇరవయ్యారో తేదీన ఆ మైదానంలో ఒక్కసారి తన గొంతు మోగితే చాలు, ఆ తరవాత జన్మంతా గుసగుసలాడమన్నా ఆడుతుంది. మోగకపోతే మాత్రం, వచ్చిన గొంతు వచ్చిన దారినే పోతుందని ఆమె భయం.

ఇక రైఫిళ్ళు. అవి ఊరి వడ్రంగి కామాచారి తాత నాలుగేళ్ళ కిందట మామిడి చెక్కతో చేసినవి. మీట బదులు వంచిన మేకు. మూతి దగ్గర రేగుపండంత నల్లరంగు చుక్క. అంతే. గొట్టమూ లేదు, గొట్టానికి తావూ లేదు.

"హైమా, ఇలా రాయే" అన్నారు సింహాద్రి మేష్టారు. "దీన్లోంచి ఏటైనా కనిపిస్తందేటి?"

హైమావతి సూచన ప్రకారం మూతిని గోడవైపు తిప్పి, వెనకవైపు కన్ను ఆనించింది. "లేదండి."

"బాగా సూడు."

"కర్ర కనిపిస్తందండి."

మేష్టారు కూడా చూశారు. ఆయనకీ కర్రే కనిపించింది.

పెద్ద మేడం గదిలో సమావేశమైంది. "కర్ర తుపాకులని రాసి పంపెయ్యండి, గొడవ ఒదిలిపోతుంది" అన్నారు మేడం.

గుమస్తా జగన్నాథం స్టాకు రిజిస్టరు తెచ్చి బల్లమీద పరిచాడు. అందులో "రైఫిళ్ళు – 24" అని ఉంది. ఆ గడి చిన్నది. "కర్ర" అన్న మాటకి అందులో చోటు చాలలేదు.

"ఇప్పుడు కర్రవి అని రాశామనుకోండి మేడం" అన్నాడు జగన్నాథం గొంతు తగ్గించి. "మరి అసలు రైఫిళ్ళు ఇరవై నాలుగూ ఏవైపోయేయని అడుగుతారు. మీ హయాంలో మాయమైపోనాయంటారు."

మేడం కుర్చీలో రెండంగుళాలు కిందికి జారారు. "అయితే ఉన్నది ఉన్నట్టు నింపండి" అన్నారు.

ఉన్నది ఉన్నట్టే నింపారు. వెలుతురు: కనిపించుట లేదు. అడ్డంకి పొడవు: మొదటినుంచి చివరిదాకా. అడ్డంకి పదార్థము: మామిడి కర్ర. అడ్డంకి ఎప్పుడు ఏర్పడినది?

"సెట్టు మొలిసినప్పుడు" అన్నారు సింహాద్రి మేష్టారు.

జగన్నాథం కాసేపు ఆలోచించి "తెలియదు" అని రాశాడు.

మూడో రోజున బడి ముందు జీపు ఆగింది. దిగినాయన జిల్లా శస్త్ర భద్రతా పర్యవేక్షకులు త్రివిక్రమరావుగారు. ఇస్త్రీ చొక్కా, చేతులకి తెల్లటి తొడుగులు. వెనకాల ఫైలు మోసుకుంటూ సహాయకుడు.

"ఇట్టి పరిస్థితి నా సర్వీసులో ఇదియే ప్రథమము" అన్నారాయన కుర్చీలో కూర్చోకుండానే. "ఒక రైఫిల్‌లో అడ్డంకి అనగా అజాగ్రత్త. ఇరవై నాలుగు రైఫిళ్ళలో, ఒకే పదార్థముతో, ఒకే పొడవున అడ్డంకి అనగా, ఇది వ్యవస్థీకృతము. ముందుగా పాఠశాలను ఖాళీ చేయించుడు."

బడి ఖాళీ అయింది. పిల్లలు కేరింతలు కొట్టుకుంటూ రెండు వందల గజాల అవతలికి పరిగెత్తారు. మైదానం నాలుగు మూలలా ఎర్ర గుడ్డలు కట్టారు. మధ్యలో బల్ల వేసి ఒక రైఫిల్ పడుకోబెట్టారు. దాని పక్కన హైమావతిని నిలబెట్టారు, దళనాయకురాలు కాబట్టి.

"మొదటి సూచన. మూతి మనుషులు లేని వైపు యుండవలెను."

తూర్పున రేషను దుకాణం. పడమట అంగన్‌వాడీ. ఉత్తరాన ఒకావిడ గేదెని తోలుకొస్తోంది.

"అమ్మా, ఆగుము! రైఫిల్‌లో అడ్డంకి యున్నది!"

"అది మా కామాచారి సెక్కింది కాదేటి బాబూ?" అందావిడ, ఆగకుండానే. "మా మనవరాలు దాంతో సింతకాయలు రాలగొట్టింది."

"రాసుకో. ఇదివరలో వినియోగింపబడినది" అన్నారు పర్యవేక్షకులు సహాయకుడితో. మూతి దక్షిణానికి తిప్పారు. అటు పక్క బీడు, దాని మీద రెండు కొంగలు. కొంగల్ని తోలడానికి సింహాద్రి మేష్టారు వెళ్ళారు.

"తూటాలు తీసితివా?"

"పట్టవండి" అంది హైమావతి, బొత్తానికి వినపడేటట్టు.

"అనగా లేవు. రాసుకో. బోల్టు?"

"లేదండి."

"అనగా తొలగించినట్లే. మంచి శిక్షణ. రాసుకో."

నూనె పోశారు. మధ్యాహ్న భోజనానికి తెచ్చిన నూనె అది. పోసింది పోసినట్టే జారి బల్ల కిందికి కారింది. కడ్డీ పెట్టి నెమ్మదిగా నెట్టారు. అది కదల్లేదు. ఇంకొంచెం నెట్టారు. బల్ల కదిలింది.

"తీవ్రమైన అడ్డంకి" అన్నారు పర్యవేక్షకులు నుదురు తుడుచుకుంటూ.

చెప్పకపోతే లాభం లేదనిపించింది హైమావతికి. "సార్, అది కర్రండి."

"తెలియును. ఫారంలో రాసినారు. అడ్డంకి పదార్థము కర్ర."

"తుపాకీ కూడా కర్రేనండి."

త్రివిక్రమరావుగారు రైఫిల్‌ని కాసేపు పరీక్షగా చూశారు. హైమావతిని చూశారు. ఆయన ముఖంలో ఏదో వెలిగినట్టయింది.

"అనగా అడ్డంకి తుపాకీలో పూర్తిగా ఐక్యమైపోయినది" అన్నారు. "నిపుణుని పిలిపించుడు."

నిపుణుడంటే కామాచారి తాతే. ఆయన తన తుపాకుల మీద నూనె చూసి ముందు ఏడుపు ముఖం పెట్టాడు, తరవాత సంగతి విని నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"నాను సేసిందానికి నానే కన్నాలెట్టాలేటి? కవాతు సెయ్యడానికి కన్నం ఎందుకు బాబూ?"

"వెలుతురు కొరకు."

"వెలుతురు కావాలంటే బయట బోలెడుంది కదేటి!"

"గొట్టములోని వెలుతురు కావలెను."

హైమావతి తాత చెయ్యి పట్టుకుంది. "తాతా, ఎట్టీ. లేకపోతే మమ్మల్ని ఎల్లనివ్వరు." ఆ పిల్ల నోరు తెరిచి ఒకటి అడగడం తాత ఎప్పుడూ వినలేదు. తిన్నగా వెళ్ళి కన్నాలు తొలిచే బరమా తెచ్చుకున్నాడు.

తాత బరమా జానెడే. కమ్మరి దగ్గర దాన్ని మూరెడు చేయించాడు. రోజుకి రెండు తుపాకుల చొప్పున అటునించి సగం, ఇటునించి సగం తొలిచేవాడు. రెండు కన్నాలూ మధ్యలో కలవకపోతే తిట్టుకుంటూ మళ్ళీ తొలిచేవాడు. పన్నెండు రోజులు పట్టింది. పిల్లలు బడి నుంచి వచ్చేవాళ్ళు, చుట్టూ గొంతుక్కూచునేవాళ్ళు. రాలిన కర్ర రజనుని ఎవరూ తొక్కకూడదని సహాయకుడు కాపలా. ఎందుకంటే పదో సూచన ప్రకారం తొలగించిన అడ్డంకిని భద్రపరచాలి. ఏ తుపాకీ రజను ఆ తుపాకీ నంబరు వేసి, ఇరవై నాలుగు పొట్లాలు కట్టి, లక్క ముద్రలు కొట్టి జిల్లా కార్యాలయానికి తీసుకుపోయాడు.

ఆఖరి తుపాకీ అయిన రోజున హైమావతి దాన్ని పైకెత్తి వెనకనుంచి చూసింది. గుండ్రటి ఆకాశం ముక్క కనిపించింది, రూపాయి బిళ్ళకంటే చిన్నది. అందులోంచి ఒక పిచ్చుక పోయింది.

"కనిపిస్తందండీ!" అని అరిచింది. రేషను వరస మళ్ళీ నిటారుగా నిలబడింది.

ఫారం మళ్ళీ నింపారు. వెలుతురు: కనిపించుచున్నది. రైఫిళ్ళు: 24. అడ్డంకులు: లేవు.

దానికి జవాబు ఇరవై నాలుగో తేదీ ఉదయం వచ్చింది. త్రివిక్రమరావుగారే స్వయంగా తెచ్చి, నిలబడి చదివారు.

"తమ పాఠశాలయందు ఇరవై నాలుగు రైఫిళ్ళు ఎట్టి అడ్డంకియు లేక, గొట్టములు నిర్మలముగా, పేల్చుటకు అనువైన స్థితిలో యున్నవని తామే ధ్రువీకరించియున్నందున, పద్దెనిమిది సంవత్సరములు నిండని బాలికలు వానిని తాకరాదు. తక్షణమే గదిలో పెట్టి రెండు తాళములు వేసి సాయుధ కాపలా యుంచవలెను."

పెద్ద మేడం ఈసారి కుర్చీలోంచి పూర్తిగా జారిపోయేవారే, జగన్నాథం పట్టుకున్నాడు.

సుద్దముక్కల గది ఖాళీ చేసి తుపాకుల్ని అందులో పెట్టారు. రెండు తాళాలు వేశారు. రెండు తాళం చెవులూ త్రివిక్రమరావుగారి జేబులోకి వెళ్ళాయి. సహాయకుణ్ణి కాపలా నిలబెట్టారు. అతని దగ్గర ఆయుధం లేదు. సాయుధ కాపలా అని ఉత్తరంలో స్పష్టంగా ఉంది. అంచేత తాళాలు మళ్ళీ తీసి, లోపలి ఇరవై నాలుగింట్లోంచి ఒకటి అతని చేతికిచ్చి, మళ్ళీ తాళాలు వేశారు.

"మరి కవాతు ఎలాగండి?" అన్నారు సింహాద్రి మేష్టారు.

"రైఫిళ్ళను పేల్చుటకు వీలులేని స్థితికి మార్చినచో బాలికలకు ఈయవచ్చును."

"పేల్సడానికి ఈల్లేకుండా అంటే?"

"గొట్టములో అడ్డంకి పెట్టవలెను."

కిటికీ దగ్గర నిలబడ్డ కామాచారి తాత "ఇరవై నాలుగు బిరడాలు సెక్కి కొట్టీనా? సాయంత్రానికి అయిపోద్ది" అన్నాడు.

"కూడదు! కొత్త అడ్డంకిని ప్రవేశపెట్టుట నేరము. తొలగించిన అడ్డంకినే తిరిగి అమర్చవలెను. అది ముద్రలతో జిల్లా కార్యాలయములో భద్రముగా యున్నది. విడుదలకు ఏడు సంతకములు కావలెను. నాలుగో సంతకము వారు సెలవులో యున్నారు."

ఆ మధ్యాహ్నం దళమంతా మైదానంలో కూలబడింది. అందర్లోకీ చిన్నది, ఏడో తరగతి నీలవేణి వెక్కి వెక్కి ఏడ్చింది. హైమావతి ఏడవలేదు. గొంతులో ఏదో అడ్డుపడినట్టుంది, దాన్ని తీసే సూచనలు మాత్రం ఎవరూ పంపలేదు.

"పోనీ ఉత్తి సేతుల్తో ఒకసారి సేసీండి" అన్నారు సింహాద్రి మేష్టారు, పిల్లల్ని చూడలేక. "సేతులు మర్సిపోకుండా ఉంటాయి."

లేచారు. హైమావతి ఆజ్ఞ ఇచ్చింది. ఇరవై నాలుగు జతల చేతులు ఆర్నెల్లుగా చేసిన పని చేశాయి. కుడి చెయ్యి పట్టుకుంది, ఎడమ చెయ్యి అందుకుంది, భుజం కాస్త ఒరిగి బరువు మోసింది. గోడ అవతలనించి చూస్తున్న గేదెలావిడ "ఓలమ్మ, తుపాకులిచ్చేసేరే!" అంది.

హైమావతి ఆ మాట విన్నది.

ఇరవయ్యారున జిల్లా మైదానం గేటు దగ్గర బల్ల, బల్ల వెనక త్రివిక్రమరావుగారు, ఆయన ముందు ఫారాలు. పక్కన అచ్చువేసిన కార్యక్రమ పత్రం, కింద ఆయన సంతకం. అందులో ఎనిమిదో అంశం: "చిక్కుడువలస బాలికలు – రైఫిళ్ళతో కవాతు – 24 రైఫిళ్ళు."

చిక్కుడువలస బాలికలు వచ్చారు. తెల్ల బట్టలు, నల్ల రిబ్బన్లు, ఉత్త చేతులు.

"రైఫిళ్ళు యెచ్చట?"

హైమావతి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. వెనక్కి తిరిగి దళం వైపు చూసింది. నీలవేణి ముక్కు ఎగబీల్చుకుంటూ తనకేసే చూస్తోంది. హైమావతి మడమలు కలిపింది.

"దళ్! సావధాన్!"

గేటు దగ్గర పోలీసు, బుడగలమ్మే అతనూ, ఇద్దరు ఉపాధ్యాయులూ కూడా నిటారుగా నిలబడ్డారు. త్రివిక్రమరావుగారు తనకి తెలీకుండానే లేచారు.

"నిరీక్షణ్ కే లియే, బాయే శస్త్ర్!"

తనిఖీకి ఆయుధం చూపించమన్న ఆజ్ఞ అది. ఇరవై నాలుగు జతల చేతులు ఒక్కసారి ఛాతీ ముందుకి ఏటవాలుగా వచ్చి ఆగిపోయాయి.

"సూసుకోండి సార్" అంది హైమావతి. గొంతు అదే, తగ్గలేదు.

త్రివిక్రమరావుగారు ఆ చేతుల్ని చూశారు. కార్యక్రమ పత్రం మీద తన సంతకాన్ని చూశారు. రైఫిళ్ళు లేవని రాస్తే పత్రం తప్పవుతుంది. తప్పు పత్రం మీద సంతకం పెట్టిందెవరని అడుగుతారు. తాళం చెవులెక్కడున్నాయని అడుగుతారు. ఆయన జేబు తడుముకున్నారు, గల్లుమంది. ఆ చప్పుడుకి ఒక నిశ్చయానికి వచ్చారు.

తెల్ల తొడుగులు సర్దుకుని, హైమావతి వెనకవైపుకి వెళ్ళి (మూతివైపు నుంచి చూడకూడదు కదా), ఒక కన్ను మూసి, ఆమె భుజం మీదుగా రెండు పిడికిళ్ళ నడుమనించి చూశారు. జెండా కర్ర కనిపించింది, షామియానా కనిపించింది, లడ్డూల బుట్టతో నడిచిపోతున్న మనిషి కనిపించాడు.

"అద్భుతము" అన్నారు మెల్లగా. "ఇంతటి నిర్మలమైన గొట్టము నా సర్వీసులో చూడలేదు. రాసుకో. ఇరవై నాలుగు. అడ్డంకులు లేవు."

"మరి మైనర్లండి..." అన్నాడు కొత్త సహాయకుడు. పాతవాడు సుద్దముక్కల గది కాపలాలోనే ఉన్నాడు.

"బోల్టు కనిపించుచున్నదా?"

"లేదు సార్."

"అనగా తొలగించినట్లే. పోనీయుము."

చిక్కుడువలస దళం మైదానం చుట్టూ నడిచింది. ఇరవై నాలుగు కుడికాళ్ళు ఒక్క కాలిలా పడుతుంటే దుమ్ము లేచింది. హైమావతి గొంతు షామియానా పరదాల్ని ఊపి, మైదానం దాటి, రోడ్డు మీద లారీవాడిచేత బ్రేకు వేయించింది. ఎక్కడా గుసగుస లేదు. ముఖ్య అతిథి లేచి చప్పట్లు కొట్టారు. తరవాత ఉపన్యాసంలో, "ఆ బాలికల రైఫిళ్ళు ఎంత తేలిగ్గా ఉన్నాయో గమనించారా? మా రోజుల్లో ఇంత ఆధునికమైనవి లేవు" అన్నారు. మొదటి బహుమతి చిక్కుడువలసకే.

కవాతు అయ్యాక ఆయుధాలు అప్పగించి సంతకం చెయ్యాలి. త్రివిక్రమరావుగారు ఒక్కొక్క పిల్ల చేతుల్లోంచి ఒక్కొక్కటి అందుకుని, బల్ల మీద జాగ్రత్తగా పేర్చారు. ఆఖరికి తలెత్తారు.

"ఇరవై మూడు."

అందరూ నీలవేణికేసి చూశారు. దాని రెండు చేతుల్లోనూ రెండు బూందీ లడ్డూలు.

"లడ్డూలిచ్చేరక్కా" అంది బిక్కముఖంతో. "పట్టుకోడానికి సెయ్యి కాళీ లేదని కింద ఎట్టీసినాను."

"ఆయుధము గల్లంతు!" అని కేక పెట్టారు పర్యవేక్షకులు. "దొరకువరకు ఒక్కరును కదలరాదు! గేట్లు మూయుడు!"

చిక్కుడువలస బస్సు రెండింటికి. అప్పటికి రెండవడానికి పది నిమిషాలుంది. ఆ బస్సు పోతే మర్నాటిదాకా ఇంకోటి లేదు. సింహాద్రి మేష్టారు హైమావతి వైపు చూశారు. మేష్టార్లు తనవైపు అలా చూడడం హైమావతికి కొత్త.

ఆమె తిన్నగా మైదానం మధ్యకి నడిచింది. అటూ ఇటూ చూసి, వంగి, గడ్డిలోంచి రెండు చేతులతో పైకి తీసింది. మూతి మనుషులు లేని వైపు తిప్పి పట్టుకుని ఆయన దగ్గరికి తెచ్చింది.

"ఇదిగోండి సార్. గడ్డిలో పడిపోయిందండి." ఒక్క క్షణం ఆగింది. "లోపల గడ్డిపరక ఏదైనా దూరిందేమోనండి."

అందుకోబోతున్న తెల్ల తొడుగులు గాలిలోనే ఆగిపోయాయి.

"అందరును రెండు వందల గజములు వెనుకకు!" అని అరిచారు త్రివిక్రమరావుగారు. "గేట్లు తెరువుడు! తక్షణమే!"

హైమావతి దాన్ని మెల్లగా నేలమీద పడుకోబెట్టింది. బస్టాండు అక్కడికి రెండు వందల పది గజాలు. దళం వరస తప్పకుండా వెళ్ళి బస్సెక్కింది. నీలవేణి ఒక లడ్డూ హైమావతికి ఇచ్చింది.

బస్సు మైదానం పక్కనుంచి మలుపు తిరుగుతుంటే కిటికీలోంచి కనిపించింది. ముఖ్య అతిథితో సహా జనమంతా దూరంగా గోడవార నిలబడి ఉన్నారు. మధ్యలో త్రివిక్రమరావుగారు ఒక్కరే మోకాళ్ళ మీద కూర్చుని, చిన్న నూనె సీసా వంచి చుక్కలు చుక్కలుగా పోస్తున్నారు. నానడానికి ఇంకా టైము పట్టేలా ఉంది.